కారు ఏసీలో ముక్క వాసన పోవాలంటే ఏం చెయ్యాలి, ఏ వరసలో చెయ్యాలి

"ఏసీ వెయ్యగానే తడి గోనెసంచి వాసన కొడుతోంది, ఏ స్ప్రే కొనమంటారు?" వానలు మొదలైన దగ్గర్నుంచి ఇదే ప్రశ్న. స్ప్రే గురించీ చెప్తాను గానీ అది ఈ వరసలో ఏడోది. ముందున్న పనులన్నీ దాటేసి నేరుగా స్ప్రే కొట్టేస్తే కొన్నాళ్లు బాగానే ఉంటుంది, తర్వాత మళ్లీ అదే వాసన, మళ్లీ ఇంకో డబ్బా. లోపల నీళ్లు నిలబడటం వల్ల వాసన వస్తోంది కాబట్టి ఆ నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో చూడకుండా ఏం కొట్టినా దండగే.

1. ముందు అది ఏ వాసనో తేల్చుకోండి

అన్ని వాసనలూ ఏసీవి కావు. పొద్దున్నే, రాత్రంతా అద్దాలు మూసి ఉన్న కారు దగ్గరికెళ్లి, డోర్ తీసి, ఇంకా ఏమీ ఆన్ చెయ్యకముందే ఒక్కసారి వాసన చూడండి. తర్వాత ఏసీ లేకుండా బ్లోయర్ (గాలి కొట్టే ఫ్యాన్) ఒక్కటే వెయ్యండి. ఆ తర్వాత ఏసీ వేసి కాసేపు నడిపి, ఏసీ బటన్ ఆపేసి బ్లోయర్ మాత్రం తిరగనివ్వండి.

- డోర్ తియ్యగానే వాసన ఉంటే: కార్పెట్టో సీట్లో తడిశాయి. ఏసీని తిట్టుకోకండి.
- బ్లోయర్ వేసిన మొదటి నిమిషంలో గుప్పుమని, తర్వాత తగ్గిపోతే: కూలింగ్ కాయిల్ (గాలిని చల్లబరిచేది) లేదా ఏసీ ఫిల్టర్ (గాల్లో దుమ్ము ఆపేది).
- ఏసీ ఆపి బ్లోయర్ నడిపినప్పుడు ఎక్కువైతే: దాదాపు ఖాయంగా కాయిల్ మీద పట్టిన బూజే.
- తియ్యటి వాసన, దాంతో పాటు ముందు అద్దానికి లోపలివైపు జిడ్డు పొర: హీటర్ లోంచి కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) కారుతోంది. మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే.
- కుళ్లిన వాసన, రోజురోజుకీ పెరుగుతోంది: ఎలుక చచ్చి ఉండొచ్చు. ఫిల్టర్ తీసినప్పుడు ఆ గూట్లో టార్చ్ వేసి చూడండి.
- పెట్రోల్ వాసన, కాలిన వాసన, సైలెన్సర్ పొగ వాసన: బండి ఆపి దిగిపోండి. పొగతో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి అసలు వాసనే ఉండదు, అందుకని పొగ వాసనొచ్చిందంటే దాంతో పాటు అదీ లోపలికి వస్తోందని అనుకోవాలి.

ఈ గైడ్ మొదటి మూడింటికే.

2. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి

చల్లటి నీళ్లు పోసిన స్టీలు గ్లాసు బయట చెమ్మ పడుతుంది కదా, డ్యాష్‌బోర్డ్ వెనకాల ఉండే కాయిల్ మీదా అదే జరుగుతుంది. గాల్లో తేమ నీళ్లయి, కాయిల్ కింద ఉన్న ట్రేలోకి జారి, అక్కణ్ణుంచి చిన్న రబ్బరు పైపు (డ్రెయిన్ పైపు) గుండా రోడ్డు మీద పడుతుంది. ఏసీ వేసి ఆగిన కారు కింద కనపడే తడి ఇదే, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. ఉక్కగా ఉన్న రోజు కూడా నీళ్లు పడకపోతేనే కంగారు పడాలి.

మనం బండి ఆపేసిన క్షణంలో కాయిల్ ఇంకా తడిగానే ఉంటుంది, గాలి ఆగిపోయింది, చీకటి, దాని మీద రోడ్డు దుమ్ము. బూజు పెరగడానికి ఇంకేం కావాలి. ఏసీ గ్యాస్‌కి దీనికీ సంబంధమే లేదు, కాబట్టి ఎవరైనా "గ్యాస్ నింపితే వాసన పోతుంది సార్" అంటే వద్దని చెప్పేయండి.

3. రెడీగా పెట్టుకోవాల్సినవి

ఎండ ఉన్న రోజు చూసుకోండి, పొద్దున మొదలెడితే సాయంత్రానికి అంతా ఆరుతుంది. ముసురు పట్టిన రోజు ఈ పని పెట్టుకోవద్దు.

- కొత్త ఏసీ ఫిల్టర్ (మీ మోడల్, తయారైన సంవత్సరం చెప్పి కొనండి)
- ఏసీ కాయిల్ కోసమే అమ్మే ఫోమ్ క్లీనర్, పొడుగు పైపు ఉన్నది
- టార్చ్, స్క్రూడ్రైవర్, మెత్తటి పెయింట్ బ్రష్
- వాక్యూమ్ క్లీనర్ (పక్కింటి వాళ్లదైనా సరే)
- పాత న్యూస్‌పేపర్లు, రెండు మూడు కాటన్ గుడ్డలు
- పొడుగు కేబుల్ టై (వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీ) ఒకటి, డ్రెయిన్ పైపు కోసం
- మాస్కు, గ్లవ్స్. బూజు దుమ్ము పీల్చకూడదు, ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పని ఇంకొకరికి చెప్పండి.

4. క్యాబిన్‌లో తడి వెతకండి

ఇది చాలామంది వదిలేసే స్టెప్. మ్యాట్లన్నీ బయటికి తీసి ఎండలో వెయ్యండి. కార్పెట్ మీద అరచెయ్యి పెట్టి గట్టిగా నొక్కండి, పైకి పొడిగా అనిపించినా కింద స్పాంజి నీళ్లు పీల్చుకుని ఉండొచ్చు, అందుకే డోర్ దగ్గర ప్లాస్టిక్ పట్టీ కాస్త లేపి కార్పెట్ కిందకి న్యూస్‌పేపర్ తోసి, పైనుంచి నొక్కి, పది నిమిషాలు ఆగి తీస్తే తడి ఉందో లేదో కాగితమే చెప్తుంది.

ఎక్కడ తడి ఉందన్నదాన్ని బట్టి కారణం దొరుకుతుంది. ఎడమవైపు ముందు సీటు కాళ్ల దగ్గర తడి అంటే ముందు అనుమానించాల్సింది ఏసీ డ్రెయిన్ పైపునే. వాన తర్వాతే తడి అవుతోందంటే డోర్ రబ్బరు, సన్‌రూఫ్ ఉంటే దాని డ్రెయిన్ గొట్టాలు. అన్నిచోట్లా తడి అంటే ఈమధ్య వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చారా గుర్తు చేసుకోండి, కొన్నిచోట్ల లోపల కూడా పైపుతో కొట్టేసి ఆరకుండానే తాళాలు చేతిలో పెట్టేస్తారు.

ఇక సీట్ల కింద చూడండి. మన కార్లలో దొరికేవి వేరు. వాహన పూజ నాటి కొబ్బరి చిప్ప ముక్క, ప్రసాదం పొట్లం, పిల్లాడి పాల సీసా మూత, ఊరి నుంచి తెచ్చిన ఆవకాయ డబ్బా నుంచి కారిన నూనె. డ్యాష్‌బోర్డ్ మీద అద్దం కింద ఉన్న సన్నటి గాలి సందుల్లో కూడా టార్చ్ వెయ్యండి. దండ లోంచి రాలిన చామంతి రేకులు, అక్షింతలు అక్కడ ఇరుక్కుని ఉంటాయి, వాటిని వేలితో తోస్తే ఇంకా లోపలికి పోతాయి కాబట్టి వాక్యూమ్‌తోనే లాగండి.

తడి దొరికితే డోర్లు తీసి రోజంతా ఎండలో పెట్టండి. బాగా నాని ఉంటే సీటు విప్పి కార్పెట్ లేపి ఆరబెట్టాల్సిందే, దీనికి దగ్గరి దారి లేదు. సీటు కింద ఎయిర్‌బ్యాగ్ వైర్లు ఉన్న కార్లలో సీటు విప్పడం మాత్రం మెకానిక్‌కే వదిలెయ్యండి.

5. వైపర్ల కింద చెత్త, తర్వాత పాత ఫిల్టర్

బయటి గాలి లోపలికి వచ్చేది ముందు అద్దం కింద, వైపర్ల దగ్గరున్న నల్ల ప్లాస్టిక్ జాలీ గుండా. వేప చెట్టు కిందో చింత చెట్టు కిందో పార్కింగ్ అయితే అక్కడ ఆకు పేరుకుపోతుంది, వానకి నాని కుళ్లుతుంది, ఆ వాసనే మీకు ఏసీలోంచి వస్తుంది. బానెట్ ఎత్తి, చేత్తో తీసినంత తీసి, మిగతాది వాక్యూమ్ పెట్టండి. నీళ్లతో కొట్టొద్దు, చెత్త వెళ్లి ఆ మూలనున్న నీటి రంధ్రాల్ని మూసేస్తుంది. అంతా తీశాక మగ్గుతో కొంచెం నీళ్లు ఒక చివర్న పోసి చూడండి, బండి కిందకి జారిపోతే సరే.

ఇప్పుడు ఫిల్టర్. స్విఫ్ట్, ఐ20 లాంటి చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకాల ఉంటుంది, పోలో, వెంటో లాంటివాటిలో గ్లవ్ బాక్స్ కింద కాళ్ల వైపు నుంచి తియ్యాలి. కొన్ని పాత బేసిక్ మోడళ్లలో కంపెనీ ఫిల్టరే ఇవ్వలేదు, గూడు ఉంటుంది గానీ ఖాళీ, అలాంటప్పుడు సరిపోయే ఫిల్టర్ బయట దొరుకుతుందేమో స్పేర్ పార్ట్స్ షాపులో అడగండి.

గ్లవ్ బాక్స్ ఖాళీ చేసి, దాని పక్కన సన్న తాడో చిన్న రాడ్డో ఉంటే ముందు అది విప్పి, బాక్స్ రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందకి వాలిపోతుంది. వెనకాల పొడుగు మూత, దాని క్లిప్పులు నొక్కి లాగితే ఫిల్టర్. తీసే ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి, దాని మీద గాలి బాణం ఎటు చూస్తోందో మళ్లీ పెట్టేటప్పుడు కావాలి. మెల్లగా అడ్డంగానే లాగండి, వంచితే పైనున్న ఆకులు, దుమ్ము అంతా బ్లోయర్‌లో పడతాయి, ఇక బ్లోయర్ వేసినప్పుడల్లా టకటకమని చప్పుడు.

పాత ఫిల్టర్ మీద నల్లటి మచ్చలో, తడి గీతలో ఉంటే కిలోమీటర్లు లెక్క చూడకుండా పడెయ్యండి. పొడిగా, మామూలు దుమ్ముతో ఉంటే దులిపి ఇంకొన్నాళ్లు వాడుకోవచ్చు. కడగడం మాత్రం వద్దు, కాగితం రకం ఫిల్టర్ కడిగితే పనికిరాదు, పైగా ఆరకుండా పెడితే కొత్త బూజు మనమే పెంచినట్టు. మామూలుగా ఏడాదికోసారి లేదా 10,000 నుంచి 15,000 కిలోమీటర్లకి మారిస్తే చాలు. మట్టి రోడ్లు, కంకర లారీలు తిరిగే దారి అయితే 5,000కి ఒకసారి తీసి చూడండి.

కొత్తది ఇప్పుడే పెట్టకండి. గూడు ఖాళీగా వదిలి తర్వాతి పనికి వెళ్లండి.

6. డ్రెయిన్ పైపు

ముందు పరీక్ష. చదునైన చోట బండి ఆపి ఏసీ ఫుల్లుగా పెట్టి పదిహేను ఇరవై నిమిషాలు ఉంచండి. వైజాగ్, కాకినాడ, నెల్లూరు లాంటి ఉక్క ఉన్న ఊళ్లలో అయితే ఈపాటికి కింద మడుగే కట్టాలి. హైదరాబాద్‌లో ఏప్రిల్ నడి ఎండలో గాలే పొడిగా ఉంటుంది కాబట్టి తక్కువ పడొచ్చు, దాన్ని చూసి పైపు మూసుకుపోయిందని తేల్చెయ్యకండి, వానాకాలంలో మళ్లీ చూడండి.

బ్రేక్ వేసినప్పుడో మలుపు తిరిగినప్పుడో డ్యాష్‌బోర్డ్ లోపల నీళ్లు తొణికిన చప్పుడు వస్తే ఇక అనుమానమే లేదు, ట్రే నిండి ఉంది.

పైపు సాధారణంగా ఎడమ ముందు సీటు కాళ్ల కింది భాగంలో బయటికి వస్తుంది, కొన్నిటిలో ఇంజన్ వెనక గోడ దగ్గర కనపడుతుంది. దాని నోట్లో మట్టి గూడు, పురుగుల గూడు ఉంటే తీసి, కేబుల్ టై మెల్లగా పైకి పోనిచ్చి అటూఇటూ తిప్పండి. అడ్డం తగిలితే బలం పెట్టొద్దు. ఇనుప తీగ అసలు వద్దు, పైన ఉండేది పల్చటి అల్యూమినియం కాయిల్, బొక్క పడితే గ్యాస్ మొత్తం పోతుంది. టైరు షాపు వాడి గాలి గొట్టం పెట్టి ఫుల్ ప్రెషర్ కొట్టించడం కూడా అంతే, లోపల పైపు జాయింట్ ఊడిపోతే నీళ్లు నేరుగా కార్పెట్ మీదకే.

ఒకటి గట్టిగా చెప్తున్నాను, ఉత్త జాకీ మీద లేపిన కారు కిందకి దూరొద్దు. చెయ్యి అందకపోతే ర్యాంప్ ఉన్న సర్వీసింగ్ సెంటర్‌కి తీసుకెళ్లండి.

7. కాయిల్ క్లీనింగ్

ఇంతదాకా వచ్చాక స్ప్రే. మార్కెట్‌లో రెండు రకాలు దొరుకుతాయి. ఫోమ్ అయితే కాయిల్ దాకా వెళ్లి మురికిని పట్టుకుని డ్రెయిన్ గుండా దిగుతుంది. రెండోది కాళ్ల దగ్గర పెట్టి బటన్ నొక్కి వదిలేసే పొగ డబ్బా, అది గాలి గొట్టాల్లో వాసన తగ్గిస్తుంది గానీ కాయిల్ మీద మందంగా పట్టిన మట్టిని కదిలించలేదు. రెండూ వాడాలనుకుంటే ముందు ఫోమ్, ఆరాక పొగ డబ్బా.

ఫోమ్ కొట్టే వరస ఇది:

1. ఇంజన్, బ్లోయర్ ఆఫ్. తాళం తీసేసి పక్కన పెట్టండి.
2. కార్పెట్ మీద న్యూస్‌పేపర్, గాలి వచ్చే నాలుగు నోళ్ల మీద గుడ్డ.
3. ఫోమ్ ఎక్కడి నుంచి పంపాలి? ఫిల్టర్ గూట్లోంచి టార్చ్ వేస్తే సన్నటి అల్యూమినియం రేకులు కనపడితే అక్కణ్ణుంచే. గుండ్రటి బ్లోయర్ ఫ్యాన్ కనపడితే ఆగిపోండి, అక్కడ కొడితే ఫోమ్ అంతా మోటార్‌లోకి పోతుంది. అలాంటి కార్లకి కింద డ్రెయిన్ పైపు నుంచే పైకి పంపాలి.
4. డబ్బా బాగా ఊపి, కొంచెం కొంచెంగా, ఆగి ఆగి వదలండి.
5. డబ్బా మీద ఎంతసేపు రాశారో అంతసేపు వదిలెయ్యండి, ఎక్కువ వాటికి పావుగంట దాకా ఉంటుంది.
6. కింద డ్రెయిన్ దగ్గర చూడండి. మొదట తెల్ల నురుగు, తర్వాత టీ డికాషన్ రంగు నీళ్లు కారితే పని జరుగుతున్నట్టు. ఏమీ కారకపోతే పైన చెప్పిన డ్రెయిన్ పైపు పని సరిగా అవ్వలేదు, ఇంకో డబ్బా కొట్టకండి.

చాలా స్ప్రేలకి నిప్పంటుకునే గుణం ఉంటుంది, కాబట్టి బీడీ, సిగరెట్, అగరుబత్తి దగ్గర్లో ఉండకూడదు.

పొగ డబ్బా వాడితే అద్దాలన్నీ మూసి, గాలి లోపలే తిరిగే బటన్ ఆన్ చేసి, బ్లోయర్ ఫుల్ పెట్టి, డబ్బా నొక్కి వెంటనే దిగి డోర్ వేసెయ్యండి. లోపల కూర్చుని చూద్దామనుకోవద్దు. అయ్యాక నాలుగు డోర్లూ తీసి బాగా గాలి ఆడనివ్వండి.

డెట్టాల్, ఫినాయిల్, బ్లీచింగ్ నీళ్లు బాటిల్లో పోసి కొట్టేవాళ్లున్నారు. బ్లీచింగ్ అల్యూమినియాన్ని తినేస్తుంది, మిగతావాటి ఘాటు నెలల తరబడి మీ ముక్కులోకే వస్తుంది.

8. ఆరబెట్టడం, తర్వాతే కొత్త ఫిల్టర్

బండి ఆరుబయట పెట్టండి, మూసిన గ్యారేజీలో ఇంజన్ ఆన్ చేసి ఉంచడం ప్రాణం మీదకి తెస్తుంది. అద్దాలు దించి, ఏసీ బటన్ ఆఫ్, టెంపరేచర్ ఫుల్ వేడి వైపు, బయటి గాలి మోడ్. బ్లోయర్ మొదట ఒకటో నంబర్ మీదే, నేరుగా ఫుల్ పెడితే మిగిలిన నురుగు మొహం మీద చిమ్ముతుంది. ఐదు నిమిషాలయ్యాక పెంచండి. ఇంజన్ వేడెక్కితేనే హీటర్ పనిచేస్తుంది కాబట్టి మొత్తం ఇరవై నిమిషాల దాకా పడుతుంది. ఎలక్ట్రిక్ కారు అయితే ఇంజన్ కోసం ఎదురుచూడక్కర్లేదు, హీటర్ వెంటనే వస్తుంది.

ఇప్పుడు గూడు తుడిచి, ఫొటోలో ఉన్నట్టు బాణం చూసుకుని కొత్త ఫిల్టర్ పెట్టండి. ముందే పెట్టి ఆ తర్వాత ఫోమ్ కొట్టినవాళ్లకి కొత్త ఫిల్టర్ తొలిరోజే తడిసి చేతికొస్తుంది.

9. మళ్లీ రాకుండా రోజూ చెయ్యాల్సింది

ఇల్లు ఇంకో మూడు నుంచి ఐదు నిమిషాల దూరంలో ఉందనగా ఏసీ బటన్ మాత్రం ఆపండి, బ్లోయర్ తిరగనివ్వండి, బయటి గాలి మోడ్‌లోకి మార్చండి. ఆటో ఏసీ ఉన్న కార్లలోనూ ఏసీ అని రాసున్న బటన్ ఒక్కటే నొక్కితే ఏసీ గ్యాస్‌ని తిప్పే కంప్రెసర్ ఆగుతుంది. అంత తక్కువసేపట్లో కాయిల్ పూర్తిగా ఆరిపోతుందని కాదు, కారే నీళ్లు కారిపోయి ఉపరితలం వేడెక్కితే రాత్రంతా నీళ్లోడే స్థితి తప్పుతుంది. కోస్తాలో ఉక్కపోతకి ఇంకాసేపు పడుతుంది.

వానలో మాత్రం ఇది నడుస్తున్న బండిలో చెయ్యొద్దు. తడి కాయిల్ మీద గాలి వెళ్లగానే ముందు అద్దం ఒక్కసారిగా మసకబారుతుంది, రోడ్డు కనపడదు. ఇంటికొచ్చి బండి ఆపాక చెయ్యండి.

కొన్ని కొత్త కార్లలో బండి ఆపాక బ్లోయర్ తనంతట తనే తిరిగి కాయిల్ ఆరబెట్టే ఆఫ్టర్ బ్లో ఉంటుంది, మీ సెట్టింగ్స్‌లో ఉందేమో వెతకండి.

పార్కింగ్‌లో ఎలుకలు ఉంటే దిగే ముందు గాలి బటన్ మళ్లీ లోపలి మోడ్‌కి మార్చి ఆపండి, బయటి గాలి దారి మూసుకుంటుంది. ఆ దారిలోంచే అవి వచ్చి ఫిల్టర్ కొరికి గూడు పెట్టుకుంటాయి.

పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, ఊళ్లో అమ్మానాన్నల దగ్గర కారు ఊరికే ఉంటుంది కదా, ఈ వాసన వాటికే ఎక్కువ. పెళ్లికో పేరంటానికో తప్ప తియ్యరు, పైన కవరు. తడి కారు మీద కవరు వేస్తే చెమ్మ లోపలే మగ్గుతుంది. వారానికోసారి ఎండపూట కవరు తీసి, అద్దాలు దించి, ఇరవై నిమిషాలు తిప్పి, చివర్లో ఏసీ ఆపి బ్లోయర్ నడపమని నాన్నగారికి చెప్పండి.

ఏడాదిలో గుర్తుపెట్టుకోవాల్సినవి:

- ఉగాది దగ్గర: ఫిల్టర్ మార్చడం, వైపర్ల కింద శుభ్రం
- జూన్‌లో వానలకి ముందు: డ్రెయిన్ పరీక్ష, డోర్ రబ్బర్లు
- వానాకాలమంతా: తడి గొడుగు, తడి మ్యాట్లు రాత్రి బండిలో వదలకపోవడం
- దీపావళి దగ్గర: కార్పెట్ కింద న్యూస్‌పేపర్ పరీక్ష, వాసన ఉంటేనే ఫోమ్

10. ఇవన్నీ చేసినా వాసన ఉంటే

- వారంలోనే తిరిగొస్తే: కార్పెట్ కింద తడి మిగిలింది. 4కి వెళ్లండి.
- ఫోమ్ వాసన పోవట్లేదంటే: ఆరలేదు, 8 మళ్లీ చెయ్యండి.
- ఫిల్టర్ మార్చాక గాలి తగ్గితే: బాణం తిరగబడింది, లేదా మూత సరిగా కూర్చోలేదు.
- పెర్ఫ్యూమ్ తగిలిస్తే: ముక్క వాసనకి మల్లెపూల వాసన కలుస్తుంది, అంతే. కలరా ఉండలు మాత్రం మూసిన కారులో అస్సలు వద్దు, ఆ ఆవిరి పీల్చడం మంచిది కాదు. కార్పెట్‌లో మిగిలిన వాసనకి వంట సోడా చల్లి రాత్రంతా ఉంచి వాక్యూమ్ చేస్తే కొంత లాగుతుంది.

రెండుసార్లు సరిగ్గా చేసినా పోకపోతే ఇక కాయిల్ బయటికి తీసి కడగాలి. అంటే గ్యాస్ మెషీన్‌తో వెనక్కి తీసి, చాలా కార్లలో డ్యాష్‌బోర్డ్ విప్పి, మళ్లీ బిగించి, ఏసీ పైపుల్లోని గాలి, తేమ పంపుతో లాగేసి గ్యాస్ నింపాలి. ఒకరోజు పని, ఖర్చు వేలల్లో. మెకానిక్‌ని ముందే ఇవి అడగండి: "అన్నా, డ్యాష్‌బోర్డ్ విప్పకుండా కెమెరా పెట్టి కాయిల్ ఒకసారి చూపిస్తావా? గ్యాస్ గాల్లోకి వదిలేస్తావా, మెషీన్‌తో తీస్తావా? పైపు జాయింట్లలో ఉండే రబ్బరు ఓ-రింగులు కొత్తవి వేస్తావా?" మూడింటికీ సూటిగా జవాబు చెప్పిన షాపులోనే ఇవ్వండి, విప్పిన ప్రతి క్లిప్పూ తిరిగి కూర్చోకపోతే తర్వాత రోజూ వినపడేది డ్యాష్‌బోర్డ్ గలగలే.